47 ఏళ్లకు ఆటిజం అని తెలిసింది. ఈ వయసులో ఆ పేరు అవసరమా?

కోనసీమ పిల్ల (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాకు ఆటిజం ఉందని పోయిన వేసవిలో డాక్టరు గారు చెప్పారు. నా వయసు 47. ట్రెజరీలో సీనియర్ అకౌంటెంట్‌ని. పెళ్లయి పాతికేళ్లయింది, డిగ్రీ పూర్తయిన కూతురుంది. ఇది చదవగానే "ఉద్యోగం చేసుకుంటూ, కాపురం చేసుకుంటూ ఆటిజం ఏమిటి" అని మీలో చాలామందికి అనిపిస్తుంది. మా ఇంట్లోనూ అదే అన్నారు. అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

ఎలా తెలిసిందో ముందు చెబుతాను. మా అక్క మనవడికి నాలుగేళ్లు. మాటలు ఆలస్యమయ్యాయని హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడ పిల్లాడి గురించి ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే మా అక్క మధ్యలోనే "ఇవన్నీ మా చెల్లెలి గుణాలండీ, చిన్నప్పుడు అది అచ్చం ఇలాగే ఉండేది" అందట. ఆ రాత్రి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు, నిద్ర కూడా రాలేదు. మూడు నెలలు దొరికిందల్లా చదివి, చివరికి నేనే ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. రెండోసారి అమ్మను వెంట తీసుకురమ్మన్నారు. అమ్మకు 74. కొత్త గౌను వేస్తే మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటోందని ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకునేదాన్నని, కంచంలో పప్పూ కూరా ఒకదానికొకటి తగిలితే లేచిపోయేదాన్నని, చుట్టాలొస్తే ధాన్యం గదిలో బస్తాల వెనక దూరి వాళ్లు వెళ్లేదాకా బయటికి వచ్చేదాన్ని కాదని చెప్పింది. చెబుతూ చెబుతూ "దీన్ని ఎన్నిసార్లు కొట్టానో" అని కళ్లు తుడుచుకుంది.

పెద్దయ్యాక నా ఇబ్బంది ఎలా ఉండేదో అర్థం కావాలంటే ఒక్క సంగతి చెప్పాలి. ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు "వెళ్తాను" అనకూడదు, "వెళ్లొస్తాను" అనాలని మా నాయనమ్మ నేర్పింది. నాకది ఎక్కాలంత గట్టిగా పట్టుబడింది. పెళ్లయిన రెండో ఏడు మా అత్తగారి అన్నగారు పోయారు. పరామర్శకు వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి, భర్త పోయిన ఆవిడతో "వెళ్లొస్తానండీ" అన్నాను. చావింటి నుంచి చెప్పకుండా వచ్చేయాలని, అక్కడ ఆ మాట అననే కూడదని నాకెవరూ చెప్పలేదు. ఎవరికీ విడిగా చెప్పరట, పదిమందిని చూసి తెలుసుకుంటారట. హాలంతా ఒక్కసారిగా మాట ఆగిపోయింది. "మళ్లీ ఎందుకు రావాలమ్మా ఈ ఇంటికి ఇలా" అని వాళ్ల కోడలు అంది. అప్పటి నుంచీ మా అత్తవారి వైపు నా పేరు పొగరుబోతు.

ఇంటికొచ్చి ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాను. పెళ్లికి వెళ్తే ఏం అడగాలి, పురిటి మంచం దగ్గర ఏం అనకూడదు, ఆస్పత్రిలో రోగి దగ్గర ఎంతసేపు కూర్చోవాలి, "భోంచేశారా" అని ఎవరు అడిగితే జవాబు చెప్పాలి, ఎవరు అడిగితే ఊరికే నవ్వితే చాలు. ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది. ఇన్నాళ్లూ అందరూ ఇలాగే రాసుకోకపోయినా మనసులోనైనా ఇంత కష్టపడతారని అనుకున్నాను. కష్టపడరని 47 ఏళ్లకు తెలిసింది.

ఇప్పుడు అసలు విషయం. మా వారు "ఇన్నాళ్లూ బాగానే ఉన్నావుగా, ఇప్పుడీ పేరు దేనికి" అంటున్నారు. అమ్మ "పిల్లకి సంబంధాలు చూస్తున్నాం, బయట ఎక్కడా నోరు జారకు" అంటోంది. నాకు మాత్రం తెలుసుకోవడమూ మంచిదే, చెప్పుకోవడమూ మంచిదే అనిపిస్తోంది. మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు

అమ్మాయీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నీ కష్టం అబద్ధమని నేననను. కానీ ఈ పేరు పెట్టుకోవడం నాకు నచ్చలేదు, ఎందుకో చెబుతాను.

36 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ప్రతి క్లాసులో ఒకడో ఇద్దరో ఉండేవారు, ఎవరితోనూ కలవకుండా, ఒకే విషయం పట్టుకుని. మా ఊళ్లో ఒకాయన ఉండేవాడు. ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో, ఏ తిథో చెప్పేవాడు. ఎవరి ముఖం చూసేవాడు కాదు. శివాలయంలో గంట కొట్టే పని ఆయనకిచ్చారు. ఊరందరూ ముహూర్తాలకు ముందు ఒకసారి ఆయన్ని అడిగేవారు. ఆయనకి ఏ పేరూ పెట్టలేదు, ఏ డాక్టరుకీ చూపించలేదు. మనిషి 80 ఏళ్లు దర్జాగా బతికాడు. ఇప్పుడైతే ఆయన్ని రోగి అనేవారు. తిక్క మనిషి, మొండి మనిషి, మాట తక్కువ మనిషి అని మనకు ఎన్ని మాటలున్నాయి! అవన్నీ పోయి అన్నిటికీ ఒకే జబ్బు పేరు మిగిలితే మనుషుల్లో ఉన్న వైవిధ్యాన్ని మనం ఓర్చుకోవడం మానేసినట్టే. అందరిలోనూ ఇది కాస్తో కూస్తో ఉంటుంది తల్లీ.

డాలస్ నుంచి

నాకు 44. మా అబ్బాయికి మూడేళ్లప్పుడు తేలింది, ఆ తర్వాత రెండేళ్లకు నాకు. ఇక్కడ ఇలా పిల్లల ద్వారా తెలుసుకున్న తండ్రులు నాకు తెలిసే నలుగురున్నారు, ఇద్దరు తెలుగువాళ్లు. ఇది ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చేదే కాబట్టి అందులో ఆశ్చర్యమేమీ లేదు. మా నాన్న కూడా ఇలాగే ఉండేవారని ఇప్పుడు తెలుస్తోంది. ఆయనతో ఆ మాట అనే అవకాశం లేదు, పోయి ఏడేళ్లయింది.

చెప్పడం గురించి ఒక్క హెచ్చరిక. నేను అమ్మకు వీడియో కాల్‌లో చెప్పాను. ఆవిడ విన్నది "నీ పెంపకంలో లోపం ఉంది" అని. ఒకప్పుడు తల్లి ప్రేమగా లేకపోవడం వల్లే ఆటిజం వస్తుందని అమెరికాలో డాక్టర్లే అనేవారు, 1960ల దాకా బెటల్‌హైమ్ అనే పేరున్న మానసిక నిపుణుడి లాంటివాళ్లు పుస్తకాలు కూడా రాశారు. అది తప్పని తేలి ఎన్నో ఏళ్లయినా మన అమ్మలు ఎవరూ చెప్పకుండానే ఆ నింద తమ మీద వేసుకుంటారు. చెప్పాలంటే ఎదురుగా కూర్చుని, తీరిగ్గా చెప్పండి. ఫోన్లో వద్దు.

వరంగల్ అమ్మ

మేడమ్, నేను ఎప్పుడూ రాయను, చదువుతానంతే. ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను.

నా కొడుక్కి 19 ఏళ్లు. మాట రాదు. ఆకలేస్తే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగుతాడు. కోపమొస్తే తన చెయ్యి తానే కొరుక్కుంటాడు. కుడి చెయ్యి మీద బొటనవేలి దగ్గర చర్మం కాయ కట్టి నల్లబడింది. గేటుకి రెండు తాళాలు వేస్తాం, ఒకసారి హైవే దాకా వెళ్లిపోయాడు. నేను చివరిసారి పెళ్లికి వెళ్లింది 2014లో. నా తర్వాత వీడిని ఎవరు చూస్తారన్న ఆలోచన లేకుండా ఒక్క రాత్రి పడుకోలేదు.

మీకూ వాడికీ ఒకటే పేరంటే నాకు కడుపు మండుతోంది. మీ బాధ బాధ కాదని అనను. కానీ ఆటిజం అంటే బాగా చదువుకుని ఉద్యోగం చేసేవాళ్లకి ఉండే ఒక రకం మనస్తత్వమని జనం అనుకోవడం మొదలైంది. మా వాడిని బస్సు ఎక్కిస్తే "ఆటిజం వాళ్లు తెలివైనవాళ్లంట కదా, మీరు సరిగా నేర్పలేదా" అని అడిగిన వాళ్లున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాలకి 4 శాతం రిజర్వేషన్ ఇస్తే అందులో చూపు లేనివారికి ఒకటి, వినికిడి లేనివారికి ఒకటి, శారీరక వైకల్యం వారికి ఒకటి పోగా, మిగిలిన ఒక్క శాతంలోనే ఆటిజం, బుద్ధిమాంద్యం, చదువులో వైకల్యం, మానసిక జబ్బు, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్లు అంతా సర్దుకోవాలి. ఆ పోస్టుకి మా వాడు వెళ్తాడా, మీలాంటివారు వెళ్తారా? అడగక్కర్లేదు కదా.

2021లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ వాళ్లు ఇరవై నాలుగు గంటలూ మనిషి తోడుండాల్సిన వాళ్లకి "ప్రొఫౌండ్ ఆటిజం" అని వేరే పేరు వాడమన్నారు. అది మంచి మాట. మీకు వేరే పేరు, మాకు వేరే పేరు ఉండాలి.

సైకాలజిస్ట్, హైదరాబాద్

ఈ చర్చలో రెండు మూడు విషయాలు కలిసిపోతున్నాయి, నాకు తెలిసింది చెబుతాను.

మాస్టారు గారూ, "అందరిలోనూ కాస్తో కూస్తో" అన్నది నిజం కాదండీ. శబ్దం చిరాకు పుట్టించడం, కొత్తవాళ్లతో బెరుకు, ఇవి విడివిడిగా చాలామందికి ఉంటాయి. డయాగ్నోసిస్‌కి అవి సరిపోవు. మనుషులతో మెలగడంలో ఇబ్బంది, ఒకే తీరు పట్టుకుని ఉండటం, ఈ రెండు రకాలూ కలిసి ఉండాలి, చిన్నతనం నుంచీ ఉండాలి, బతుకులో నిజంగా అడ్డుపడాలి. అందుకే కోనసీమ మేడమ్ గారి అమ్మగారిని పిలిపించారు. నలభై దాటినవాళ్ల విషయంలో మాకు ఇదే పెద్ద కష్టం. చిన్నప్పటి సంగతులు చెప్పే తల్లో, అక్కో బతికి ఉండాలి. కొందరు పాత ప్రోగ్రెస్ కార్డులు తెస్తారు. "మాట్లాడదు, క్లాసులో చురుకుదనం లేదు, లెక్కల్లో నూటికి నూరు" అని టీచర్ రాసిన కార్డు ఒకటి నాకు గంట ఇంటర్వ్యూ కంటే ఎక్కువ పనికొచ్చింది.

చిన్నప్పుడు ఎందుకు తెలియలేదంటే, ఆడపిల్లల్ని పోల్చుకోవడానికి డాక్టర్ల దగ్గరే సరైన చిత్రం లేదు. 1943లో అమెరికాలో కానర్ అనే డాక్టరు ఆటిజం గురించి మొదట రాసిన 11 మంది పిల్లల్లో ముగ్గురే ఆడపిల్లలు. 1944లో ఆస్ట్రియా డాక్టరు ఆస్పెర్గర్ వివరంగా రాసిన నలుగురూ మగపిల్లలే. ఆయన రాసింది జర్మన్‌లో ఉండిపోయింది. 1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ డాక్టరు రాశాకే ఇంగ్లిష్ చదివే ప్రపంచానికి బాగా తెలిసింది. మేడమ్ అప్పటికే బస్తాల వెనక కూర్చుంటున్నారు. 2013లో వచ్చిన డీఎస్‌ఎమ్-5లో, అంటే మానసిక సమస్యల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వేసిన పుస్తకంలో, ఒక ముఖ్యమైన మాట చేర్చారు. లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉన్నా, లోకం అడిగేది మనిషి శక్తిని మించేదాకా పైకి పూర్తిగా కనిపించకపోవచ్చు, నేర్చుకున్న పద్ధతులు వాటిని కప్పేయవచ్చు అని. ఆవిడ నోటు పుస్తకం ఆ "నేర్చుకున్న పద్ధతి".

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో ఏక్యూ అని 50 ప్రశ్నల పరీక్ష దొరుకుతుంది, 2001లో కేంబ్రిడ్జ్ వాళ్లు తయారుచేసింది. అందులో 32 దాటిందని స్క్రీన్‌షాట్ పట్టుకుని నా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తున్నారు. అది వడపోత మాత్రమే. విపరీతమైన సిగ్గు, ఓసీడీ, చిన్నప్పుడు పడిన దెబ్బలు, ఏడీహెచ్‌డీ, ఏది ఉన్నా ఆ నెంబరు పెరగొచ్చు. దయచేసి ఆ నెంబరు చూసుకుని మీకు మీరే పేరు పెట్టుకోకండి, మీ ఆయనకి అసలే పెట్టకండి.

పేరు వల్ల లాభమేమిటని అడిగిన వారికి: కేంబ్రిడ్జ్‌లోనే ఒక క్లినిక్‌లో పెద్దయ్యాక ఆస్పెర్గర్ (ఆటిజంలో ఒక రకానికి అప్పటి పేరు) అని తేలిన 374 మందిని అడిగితే 66 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు చచ్చిపోవాలనే ఆలోచన వచ్చిందన్నారు. 2014లో అచ్చయింది. వీళ్లంతా పైకి "బాగానే ఉన్న" వాళ్లే. ఏళ్ల తరబడి డిప్రెషన్‌కి మందులు వాడుతూ, అడుగున ఉన్నది తెలియక ఎందుకు తగ్గడం లేదో అర్థం కాని వాళ్లను నేను చూస్తున్నాను. ఈ చర్చ చదివేవారిలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

కోనసీమ పిల్ల

మాస్టారూ, మీ ఊరి గంటాయన గురించి చదువుతుంటే ఆయన మీద ఎంతో ఇష్టం కలిగింది. కానీ ఒక్కటి అడగనా? ఆయన ఆడమనిషి అయి ఉంటే గుళ్లో గంట కొట్టే పని ఇచ్చేవారా? ముఖం చూడకుండా మాట్లాడే కోడలికి ఏ ఊరూ చోటివ్వదండీ. మగాడు మాట్లాడకపోతే గంభీరం, ఆడది మాట్లాడకపోతే గర్వం. మన భాషలో బోలెడు మాటలున్నాయన్నారు. అవును, నా మీద అవన్నీ వాడారు. తిక్క, మొండి, పొగరు, రాయి, మొద్దు. వాటిలో ఒక్కటి కూడా నా ఇబ్బంది ఎక్కడుందో చెప్పే మాట కాదు. అన్నీ నా గుణం చెడ్డదనే మాటలే.

ఈ పేరు తెలిశాక నేను చేసింది ఏమిటో చెబుతాను, పెద్దవేమీ కాదు. ఆఫీసులో నా సీటు ట్యూబ్‌లైటు కింద ఉండేది. దాని చోక్ రోజంతా గీ అంటూ ఉంటుంది. మిగతా ఎవరికీ వినపడదు. పదేళ్లు సాయంత్రానికి తలనొప్పితో ఇంటికెళ్లి ఎవరితోనూ మాట్లాడలేక పడుకుని, "ఇంటికొస్తే ముఖం మాడ్చుకుంటుంది" అనిపించుకున్నాను. ఆ తలనొప్పికి స్కానింగులు చేయించుకున్నాను, కళ్లద్దాలు మార్చాను. ఇప్పుడు మా సూపరింటెండెంట్ గారిని అడిగి ఎల్‌ఈడీ లైటు వేయించుకున్నాను. నా డబ్బుతోనే, 350 రూపాయలు. సాయంత్రాలు మా అమ్మాయితో కూర్చుని టీ తాగుతున్నాను. పేరు తెలియకపోతే నాకు ఆ లైటు సంగతి తట్టేది కాదు, అది నా ముఖం మాడుపే అనుకుంటూ ఉండేదాన్ని.

అడ్వకేట్, విశాఖ

పెళ్లి సంబంధాల భయం గురించి చట్టం వైపు నుంచి కొంచెం. డయాగ్నోసిస్ వేరు, వైకల్య సర్టిఫికెట్ వేరు. డాక్టరు గారు చెప్పినంత మాత్రాన మీ పేరు ఏ ప్రభుత్వ జాబితాలోనూ ఎక్కదు. మీరు అప్లై చేసుకుంటేనే సర్టిఫికెట్. దానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన, ఆటిజం తీవ్రత కొలిచే ఇసా స్కేల్ వాడతారు, 40 అంశాలు. 70 మార్కులు వస్తే 40 శాతం కింద లెక్క. రిజర్వేషన్‌కి ఆ 40 శాతం కావాలి. ఇన్‌కమ్ టాక్స్ పాత పద్ధతిలో వైకల్యం ఉన్నవారికి ఇచ్చే 75,000 మినహాయింపుకి కూడా సర్టిఫికెట్ ఉండాలి. కానీ అదే 2016 చట్టంలో 20వ సెక్షన్, ఉద్యోగికి తగిన సర్దుబాట్లు చేయాలన్నది, 40 శాతం నిబంధన పెట్టలేదు. ఆ లైటు నిజానికి ఆఫీసు ఖర్చుతోనే వేయాల్సింది మేడమ్.

విడాకుల గురించి చాలామంది ప్రైవేటుగా మెసేజ్ పెట్టి అడుగుతారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక రుగ్మత ఒక కారణమే. అయితే కలిసి బతకడం న్యాయంగా కుదరనంత తీవ్రత ఉండాలి. జబ్బు పేరు చూపిస్తే సరిపోదు, తీవ్రత ఎంతో చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే స్కిజోఫ్రీనియా కేసులో చెప్పింది. పాతికేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ భయం అక్కర్లేదు. ఇక తల్లికి ఉందని కూతురి పెళ్లి చెడగొట్టే చట్టం ఏదీ లేదు. చెడగొట్టే చుట్టాలు ఉంటారు, దానికి నా దగ్గర సెక్షన్ లేదు.

నిజామాబాద్ గృహిణి

నాది అవతలి వైపు. మా వారికి 52. పాతికేళ్లుగా ఆదివారం పూట ఒకే టిఫిన్, ఒకే కుర్చీ, ఒకే టైమ్. నేను ఏడిస్తే పక్క గదిలోకి వెళ్లిపోతారు. ప్రేమ లేదనుకుని చాలా ఏళ్లు నలిగిపోయాను. ఈ చర్చ చదివి ఆయనకి చూపించాను. "నాకేం లేదు" అని ఫోన్ తిరిగిచ్చేశారు. సైకాలజిస్ట్ గారు పేరు పెట్టొద్దన్నారు, పెట్టను. కానీ నేను ఏడ్చినప్పుడు ఆయన వెళ్లేది నా మీద విసుగుతో కాకపోవచ్చు, అక్కడ ఏం చేయాలో తెలియక కావచ్చు అన్న ఆలోచన నాకు ఈ రోజే వచ్చింది. పాతికేళ్లలో ఎందుకు రాలేదో.

కోనసీమ పిల్ల

వరంగల్ అమ్మా, మీకు వెంటనే జవాబు రాయలేకపోయాను. నాలుగు రోజులు ఆలోచించాను.

మీరన్నది చాలావరకు నిజం. నేను ఆ ఒక్క శాతం కోసం వెళ్లను. సర్టిఫికెట్‌కి అప్లై చేయను, ఇది ఇక్కడ అందరి ముందూ రాస్తున్నాను. నాకు ఉద్యోగముంది. అయితే నాలాంటి ఇంకో అమ్మాయి, 24 ఏళ్లది, ఇంటర్వ్యూలో ముఖం చూసి మాట్లాడలేక ఇంట్లో కూర్చుని ఉంటే, తనని కూడా వెళ్లొద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఒక్క శాతాన్ని ఐదు రకాల వాళ్లకి పంచి పెట్టింది ప్రభుత్వం. గొడవ మీకూ నాకూ మధ్య పెట్టింది కూడా అదే.

పేరు వేరు చేయాలన్న మాట దగ్గర మాత్రం మీతో కలవలేను. మా అక్క మనవడికి నాలుగేళ్లు. వాడు రేపు మీ అబ్బాయిలా ఉంటాడో, నాలా ఉంటాడో ఏ డాక్టరూ చెప్పలేకపోతున్నాడు. అదే బస్తాల వెనక దూరడం, అదే లేబుల్ గొడవ. నేను వాడిని చూస్తే వాడి ఒంట్లో ఏం జరుగుతోందో నాకు కొంత తెలుస్తుంది, నోటితో చెప్పలేడు కాబట్టి వాడి తరఫున నేను చెబుతున్నాను. పోయిన నెల వాడు కొత్త నిక్కరు వేస్తే ఒళ్లు విరుచుకుని ఏడుస్తుంటే, దాని నడుము దగ్గర ఎలాస్టిక్ కుట్టు తిరగేసి చూపించాను. తీసేస్తే ఊరుకున్నాడు. రెండు పేర్లు పెట్టేస్తే నన్ను ఎవరూ అడగరు.

వరంగల్ అమ్మ

మీరు కోపంతో రాస్తారనుకున్నాను. రిజర్వేషన్ గురించి నా మాట మారదు. కానీ ఒకటి అడుగుతాను, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మా వాడికి కుక్కర్ విజిల్ పడితే చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటాడు. థెరపీలో అలవాటు చేయించమన్నారు. మూడేళ్లుగా రోజూ వినిపిస్తూనే ఉన్నాను, అలవాటు కాలేదు. మీకు ఆ శబ్దం ఎలా ఉంటుంది? మాటల్లో చెప్పగలరా?

కోనసీమ పిల్ల

చెబుతాను. మీ అబ్బాయికీ ఇలాగే ఉంటుందని నేను చెప్పలేను, నా సంగతే చెబుతున్నాను.

విజిల్ కంటే దాని ముందు వచ్చేది నాకు ఎక్కువ కష్టం. వెయిట్ కదలడం మొదలై బుస్సుమంటూ ఆగి, మళ్లీ బుస్సుమంటుంది చూడండి, ఆ రెండు నిమిషాలు. ఇప్పుడా, ఇప్పుడా అని ఒళ్లంతా బిగుసుకుపోతుంది. వీపు మీద ఎవరో కర్ర ఎత్తి పట్టుకున్నట్టు. పడ్డాక అది చెవిలో వినపడటంతో ఆగదు, పళ్లలోకి, వెన్నులోకి దిగుతుంది. తల గట్టిగా దేనికైనా ఆనించి ఒత్తుకుంటే కొంచెం తగ్గుతుంది. నేను చిన్నప్పుడు ధాన్యం బస్తాకి నుదురు ఒత్తి పెట్టేదాన్ని. రోజూ విన్నంత మాత్రాన నాకు అలవాటు కాలేదు, 47 ఏళ్లయినా.

ఒక్క తేడా మాత్రం గమనించాను. పక్క గదిలో ఉండగా పడితే భరించలేను. స్టవ్ ముందు నేనే నిలబడి చూస్తుంటే సగం భారం తగ్గుతుంది, ఎప్పుడు పడేదీ నాకు కనపడుతుంది కాబట్టి. ఎన్ని విజిల్స్‌కి ఆపాలో ముందే అనుకుంటాను, అది దాటనివ్వను. మా ఇంట్లో ఇప్పుడు పప్పు మాత్రమే కుక్కర్‌లో పెడతాం, అన్నం గిన్నెలో వార్చేస్తున్నాను. ఒత్తుకోవడానికి గోడ బదులు మెత్తటిది ఏదైనా, దిండు కానీ, బియ్యం పోసి కుట్టిన సంచీ కానీ అక్కడే అందేలా పెట్టి చూస్తారా?

సైకాలజిస్ట్, హైదరాబాద్

వరంగల్ అమ్మగారూ, బలవంతంగా వినిపించడం ఆపేయండి. అది భయాన్ని పెంచొచ్చు. తల కొట్టుకోవడం ఎక్కువైతే ఈఎన్‌టీకి, పళ్ల డాక్టరుకీ కూడా ఒకసారి చూపించండి, నొప్పి ఉండి చెప్పలేకపోతూ ఉండొచ్చు. చెవులకు పెట్టుకునే ఇయర్‌మఫ్‌లు కూడా పెట్టి చూడొచ్చు. పెట్టుకోనిస్తాడో లేదో చూడాలి.

వరంగల్ అమ్మ

ఆదివారం, సోమవారం చేసి చూశాను. కుక్కర్ పెట్టే ముందు వాడిని వంటింట్లోకి తెచ్చి స్టవ్‌కి దూరంగా స్టూలు వేసి కూర్చోబెట్టాను. రెండు వేళ్లు చూపించాను, రెండు విజిల్స్ అని. ఒడిలో పాత బొంత పెట్టాను. మొదటి విజిల్‌కి చెవులు మూసుకుని అరిచాడు. రెండోదానికి బొంతలో ముఖం దాచుకున్నాడు, గోడ దగ్గరికి వెళ్లలేదు. సోమవారం మాత్రం కరెంటు పోయి చీకట్లో భయపడి చెయ్యి కొరుక్కున్నాడు, కాబట్టి ఇది పనిచేసిందని ఇప్పుడే అనలేను.

అక్కా, ఇంకొకటి అడగాలి. తలంటేటప్పుడు చెంబుతో నీళ్లు పోస్తే గొంతు పగిలేలా అరుస్తాడు, బకెట్లో తనే చేతులు ముంచుకుంటే ఏమీ అనడు. మీకు చిన్నప్పుడు తలంటు ఎలా ఉండేది? మీ అమ్మగారిని కూడా అడిగి చెప్పండి, ఆవిడ ఏం చేసేవారో.